చిన్న కమతానికి నిత్యసేవ

మన భాషలో క్షేత్రమనే మాటకు రెండర్థాలున్నాయి. దేవుడు వెలసిన చోటు క్షేత్రం. పైరు పండే పొలమూ క్షేత్రమే. మొదటిదానికి నిత్యకైంకర్యం ఎంత అవసరమో రెండవదానికీ అంతే అవసరమని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. దర్శనానికి వచ్చే భక్తులలో సొంత ఊరిలో రెండు మూడెకరాల భూమి ఉండి, దానినేమి చేయాలో పాలుపోని వారు అనేకులు. వారికి ఉపకరిస్తుందనే ఆశతో నా అనుభవాన్ని విన్నవిస్తున్నాను.

ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిన పిమ్మట అనంతపురం జిల్లాలోని మా స్వగ్రామానికి చేరాను. తండ్రిగారి నుండి సంక్రమించిన మూడెకరాల ఎర్రనేలలో ఏటా వేరుసెనగ ఒక్కటే వేసేవాళ్లం. నీటికోసం మూడు బోర్లు వేయించాను, మూడూ ఎండిపోయాయి. విరమణ సొమ్ములో పెద్దభాగం వాటికే ఖర్చయింది. పొలం అమ్మకానికి బేరం కుదిరిన రోజున మా అమ్మ ఒక్క మాట అన్నది: “బోర్లలో పోసిన దుడ్డులో పదోవంతు గట్లమీద పెట్టి చూడు నాయనా. అప్పటికీ కాకుంటే అమ్ముకో.” ఆ మాటతో అమ్మకాన్ని ఒక ఏడాది వాయిదా వేశాను.

మొదటిది నీరు. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు పడినట్లు. ఎకరం దాదాపు 4,047 చదరపు మీటర్లు. అంటే 10 మిల్లీమీటర్ల వానకే ఎకరానికి నలభై వేల లీటర్లు వస్తాయి. ఇంత సిరి వాలువెంట పారిపోతుంటే నేను పాతాళంలో వెదికాను! గండ్లు పడిన గట్లు పూడ్పించి, వాలుకు అడ్డంగా దున్నించి, పల్లపు మూలలో నీటికుంట తవ్వించాను. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల కుంటలో రెండు లక్షల లీటర్లు నిలుస్తాయి. అంచులు వాలుగా తవ్వితే కొంత తగ్గుతుంది. బెట్ట సమయంలో పైరుకు ఒక్క తడి ఇవ్వగలిగినా అది ప్రాణదానమే.

రెండవది నేల. విత్తడానికి ముందు, ఎరువు వేయకమునుపే, మట్టిపరీక్ష చేయించాలి. గట్ల పక్కన, చెట్ల నీడన కాక, పొలంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, దాని పక్కనుండి మట్టి సేకరించి, అంతా కలిపి అరకిలో పంపితే చాలు. పశువుల ఎరువుతోపాటు నేను జీవామృతం వాడుతున్నాను. ఎకరానికి 200 లీటర్ల నీటిలో పది కిలోల నాటు ఆవు పేడ, అయిదు నుండి పది లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గట్టుమీది గుప్పెడు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, ఉదయం సాయంత్రం కలియబెట్టాలి. వారంలోపే వాడాలి, తడి ఉన్న నేలలోనే పోయాలి. ఎండిన నేలలో పోస్తే శ్రమ వృథా.

మూడవది పంట. ఒక్క పంటనే నమ్ముకొనడం ఒంటిస్తంభపు మేడ వంటిది. వేరుసెనగ సాళ్ల మధ్య కంది సాళ్లు, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న ఒత్తుగా వేస్తున్నాము. గాలివెంట వచ్చే తామరపురుగులను ఆ జొన్న కొంతవరకు అడ్డుకుంటుంది. విత్తనం ఇంటిదైనా కొన్నదైనా, తడి గోనెసంచిలో నూరు గింజలు చుట్టి మొలకలు లెక్కించాలి. వేరుసెనగలో డెబ్బైకి తక్కువైతే ఆ విత్తనం వేయరాదు.

నాలుగవది లెక్క. పొలానికొక పుస్తకం పెట్టండి. కొన్నవే కాక, ఇంటివారి కష్టాన్ని కూడా కూలిగా కట్టి అందులో వ్రాయండి. ఏ పంట పోషించినదో, ఏది అప్పులపాలు చేసినదో ఆ పుస్తకమే చెబుతుంది.

పట్టణాలలో ఉండి భూమిని కౌలుకిచ్చేవారికి ఒక మనవి. ఒక్క ఏడాదికే ఇస్తే కౌలుదారు గట్టు వేయడు, ఎరువు తోలడు. మరుసటి ఏడు ఆ ఫలం ఎవరిదో అతనికి తెలియదు. కనీసం మూడేళ్ల మాట ఇవ్వండి. గట్ల ఖర్చు మీరు భరించండి.

ఇన్ని చేసినా కరవు రాదని నేను చెప్పను. వాన ముఖం చాటేసిన ఒక ఏడాది వేరుసెనగ పూర్తిగా పోయింది. కంది మాత్రం కొంత చేతికందింది. ఆ ఏడు లాభం లేదు. అయితే అప్పూ చేయలేదు, పొలమూ అమ్మలేదు.

అమ్మ ఇప్పుడు లేదు. పెద్దవాన కురిసిన మరునాటి ఉదయం పార పట్టుకొని గట్టంతా ఒకసారి నడిచి రావడం ఆమె పెట్టిన నియమం. చేతివెడల్పు గండిని ఆ పూటే పూడిస్తే రెండు పారల మట్టి చాలు; నెల దాటితే రెండు బండ్లయినా చాలదు. కోవెలలో దీపంలాగే పొలంలో గట్టునూ ఏనాటికానాడు చూసుకోవాలి. ఈసారి మీ ఊరికి వెళ్లినప్పుడు, ఇంటికన్నా ముందు ఒకసారి మీ గట్టుమీద నడిచి రండి.