రాబందులను చంపిన సూదిమందు

ఊరి బయట పశువును పడవేసిన జాగాలో రాబందులు గుంపుగా వాలుట నడివయసు దాటిన రైతులు చూచినదే. గుంపు వాలినచో ఎద్దు కళేబరము గంటలో ఎముకల గూడుగా మిగిలెడిది. ఇప్పుడచ్చట కుక్కలు చేరుచున్నవి. కుక్కలు పెరిగినచోట పిచ్చికుక్క కాటు భయమును పెరుగును.

రాబందులు తిండి లేక పోలేదు. మన దేశములో 1992లో వేయి తెల్లవీపు రాబందులున్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలినది. తెలియని తెగులేదో తగిలినదని చాలకాలము అనుకొనిరి. పాకిస్తానులో చచ్చిన పక్షులను కోసి పరీక్షించిన శాస్త్రజ్ఞుల వలన 2004లో అసలు కారణము బయటపడినది. అది పశువుల నొప్పికి, వాపునకు వేయు డైక్లోఫినాక్ అను సూదిమందు. ఈ మందు వేసిన ఒకటి రెండు దినములలో పశువు చచ్చినచో, ఆ మాంసము తిన్న రాబందు మూత్రపిండములు చెడి, తెల్లని సున్నము వంటి పదార్థము గుండెపై, కాలేయముపై పేరుకొని చచ్చును. నూరు కళేబరములలో ఒక్కదానిలో మందున్నను చాలును. ఒక్కదానిపై పదులకొద్ది పక్షులు వాలును గదా! పోయిన పక్షుల లోటు త్వరగా తీరదు. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డే పెట్టును. పిల్ల ఈడునకు వచ్చుటకు సుమారు ఐదేండ్లు పట్టును.

బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టపై పొడుగుముక్కు రాబందుల గూళ్లను 2013లో గుర్తించిరి. ఈ పక్షులు తిండికై చాల దూరము తిరుగును. కావున గుట్టను కాచిన చాలదు. చుట్టుపట్ల ఊళ్ల పశువుల కొట్టములలో ఏ మందు వాడుచున్నారన్నదే ముఖ్యము.

పశువులకు డైక్లోఫినాక్ 2006లో నిషేధింపబడినది. కాని మనుషుల కొరకు చేసిన పెద్ద సీసాలను పశువులకు వాడుట ఆగలేదు. అందుచే 2015లో ఆ మందును 3 మి.లీ. సీసాలకే పరిమితము చేసిరి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ మందులు కూడ 2023లో పశువులకు నిషేధింపబడినవి. వీనికి బదులు మెలోక్సికామ్ కలదు. అది రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. వాపునకు, జ్వరమునకు బాగుగానే పనిచేయును.

ఎవరు సూది వేయవచ్చినను సీసా చేతికి తీసికొని పేరు చదువుడు. మెలోక్సికామ్ వేయుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. నిషేధించిన మందు పడిన పశువు చచ్చినచో ఆరుబయట వేయక పూడ్చుడు. కుక్కలను చంపుటకని కళేబరముపై పురుగుమందు చల్లుటయు రాబందులకు ప్రాణాంతకమే. దొమ్మ రోగమని అనుమానమున్నచో మాత్రము కళేబరమును కోయక, తోలు తీయక, వెంటనే పశువైద్యునికి తెలిపి, లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.