దత్తబిడ్డ పిండం చేరదన్నది ఏ శాస్త్రం?

మా బంధువులావిడ బీరువాలో దత్తత కాగితాల ప్లాస్టిక్ ఫోల్డరొకటి ఉంది. పెళ్లి సర్టిఫికెట్టు, జీతం కాగితాలు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, ఆవిడ మెడికల్ సర్టిఫికెట్టు అన్నీ అందులో ఉన్నాయి. లేనిది భర్త మెడికల్ సర్టిఫికెట్టొక్కటే. "పెంచుకున్న కొడుకు పెట్టే పిండం పితృదేవతలకు చేరదట" అని ఎవరో అన్న మాట పట్టుకుని రెండేళ్లుగా ఆయన కదలడం లేదు.

అపోహ: దత్తత బిడ్డ పిండానికి శాస్త్రం ఒప్పుకోదు.

వాస్తవం: శాస్త్రం పేరెత్తేవాళ్లు దాన్ని ఒక్కసారైనా తెరిచి చూడాలి. మనుస్మృతి చెప్పిన పన్నెండు రకాల పుత్రుల్లో దత్తుడూ ఉన్నాడు. దత్తు పోయినవాడికి కన్నతండ్రి గోత్రం, ఆస్తి రావనీ, అవి ఎటుంటే పిండం అటేననీ తొమ్మిదో అధ్యాయం తేల్చేసింది. అంటే ఆ పిండం పెంచిన తండ్రిదే. నందపండితుడనే ధర్మశాస్త్రకారుడు దత్తత మీదే ‘దత్తక మీమాంస’ అనే గ్రంథం రాశాడు. యజ్ఞం కోసం నేల దున్నుతుంటే ఆకాశరాజుకు దొరికిన బిడ్డ పద్మావతి. ఆయన చేసిన ఆ కన్యాదానాన్నే మనం ఊరూరా శ్రీనివాస కల్యాణంగా కళ్లకద్దుకుంటున్నాం. ఇక 1956 నాటి హిందూ దత్తత చట్టం దత్తహోమం కూడా తప్పనిసరి కాదంది. దత్తత జరిగిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా ఆ ఇంటి బిడ్డే.

ఇదంతా చెప్పాక మా బంధువులావిడ భర్త చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "లోపం నాదని ఊరందరికీ తెలిసిపోతుంది" అన్నాడు. రెండేళ్లూ ఆయన్ని ఆపింది ఆ బాధే.

అపోహ: ఒకరు గట్టిగా నిలబడితే చాలు, రెండోవాళ్లు సర్దుకుంటారు.

వాస్తవం: హిందూ దత్తత చట్టమైనా, జువెనైల్ జస్టిస్ చట్టమైనా దంపతులిద్దరి సమ్మతీ అడుగుతాయి. దత్తత వేడుకలో భార్య నోరు మెదపకుండా కూర్చున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

"బిడ్డ ముఖం చూస్తే మనసు అదే కరుగుతుంది" అంటారు. కొందరి విషయంలో ఇది నిజమేనని ఒప్పుకోక తప్పదు. కరగకపోతే మాత్రం ఆ నష్టం మోసేది పసిబిడ్డ. అంత పందెం కాసే హక్కు ఎవరికీ లేదు.

ముస్లింలు, క్రైస్తవులు దత్తత తీసుకోలేరన్నది అబద్ధం. జువెనైల్ జస్టిస్ చట్టం కింద మతంతో పనిలేకుండా ఎవరైనా తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పెంచుకుంటే కడుపు పండుతుందన్న మాట వదిలేయండి. బిడ్డ మొక్కుబడి కాదు.

"నాకు దేవుడు చెప్పాడు" అని భార్య నోరో, భర్త నోరో మూయించకండి. ప్రార్థన ఇద్దరూ కలిసి చేయండి.

వద్దంటున్న మనిషిని వాదనలో ఓడించాలని చూడకండి. భయం దేని గురించో అడగండి: వంశమా, ముసలితనమా, పుట్టని బిడ్డ మీద బెంగా? పంతులుగారి దగ్గరికైనా, పాస్టరు దగ్గరికైనా ఇద్దరూ కలిసే వెళ్లండి. మాట ఒకటయ్యాకే కాగితాలు పంపండి. వచ్చే బిడ్డ అప్పటికే ఒక ఇంటికి దూరమై ఉంటుంది. రెండో ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ ఎదురొచ్చి ఎత్తుకోవాలి.