వెయ్యి కాపీల దగ్గరే ఆగిపోయిన ఆల్బమ్!

2003 మార్చి 23. లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ ఉత్సవం. ఉత్తమ గీతానికి బహుమతి ప్రకటించడానికి బార్బ్రా స్ట్రైసాండ్ వేదిక మీదికొచ్చింది. కవరు విప్పింది, పేరు చదివింది. హాలంతా చప్పట్లు! కానీ ఆ పాట రాసి పాడిన కుర్రాడు మాత్రం హాల్లో లేడు. ఎక్కడున్నాడనుకుంటున్నారు? ఇంట్లో, మంచం మీద, గాఢనిద్రలో! బహుమతి తనకి రాదని అంత గట్టి నమ్మకం మరి. అతనితో కలిసి పాట కట్టిన లూయిస్ రెస్టో వెళ్ళి బొమ్మ అందుకున్నాడు.

పాట ‘లూజ్ యువర్‌సెల్ఫ్’. సినిమా ‘8 మైల్’. కుర్రాడు ఎమినెం. ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి ర్యాప్ పాట అదే. సరిగ్గా ఇరవై ఏళ్ళ తర్వాత, 2023లో, అదే బహుమతిని మన చంద్రబోస్, కీరవాణి ‘నాటు నాటు’కి అందుకున్నారు. కాబట్టి ఆ బొమ్మ విలువేమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు!

ఇదంతా అందరికీ తెలిసిన కథే. అంతకు ఆరేళ్ళ ముందు ఈ కుర్రాడే ఒక ఆల్బమ్ చేశాడనీ, దాన్ని పట్టించుకున్న నాథుడే లేడనీ చాలామందికి తెలియదు. అసలు కథ అక్కడుంది.

మాటల కుస్తీ

ఎమినెం అసలు పేరు మార్షల్ మాథర్స్. పుట్టింది 1972లో, మిస్సోరీ రాష్ట్రంలో. పెరిగింది ఎక్కువగా డిట్రాయిట్‌లో. కార్ల ఫ్యాక్టరీల ఊరు అది. ఆ ఊరికి ఉత్తరపు హద్దు ‘ఎయిట్ మైల్’ అనే రోడ్డు. రోడ్డుకి ఇటు నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే నగరం, అటు తెల్లవాళ్ళ శివారు పేటలు. మార్షల్ తెల్లవాడు. అతను మనసు పారేసుకున్నది మాత్రం నల్లజాతి కుర్రాళ్ళ కళ అయిన ర్యాప్ మీద!

ఆ రోజుల్లో డిట్రాయిట్‌లో ‘హిప్ హాప్ షాప్’ అని ఒక బట్టల దుకాణం ఉండేది. శనివారం వచ్చిందంటే అక్కడ బేరాలు ఆగిపోయి, మైకు మోగేది. దాన్ని నడిపించేవాడు మార్షల్ ప్రాణస్నేహితుడు ప్రూఫ్. అక్కడే ‘బ్యాటిల్’ జరిగేది. బ్యాటిల్ అంటే మాటల కుస్తీ అన్నమాట. బీట్ మోగుతుంటుంది. ఇద్దరు ఎంసీలు, అంటే ర్యాప్ చెప్పేవాళ్ళు, ఎదురెదురుగా నిలబడతారు. ఒకడు ఎదుటివాడి చొక్కా దగ్గర్నుంచి వంశం దాకా దేన్నీ వదలకుండా ఏకేస్తాడు. తర్వాత రెండోవాడి వంతు. అన్నీ ప్రాసలోనే చెప్పాలి. తాళం తప్పకూడదు. చాలావరకు అప్పటికప్పుడు అల్లాలి. ఎవరికి కేకలు ఎక్కువొస్తే వాడు నెగ్గినట్టు! మన అవధాని గారికి పృచ్ఛకులు అడ్డు తగిలినట్టే ఇక్కడా అడ్డు తగులుతారు. కాకపోతే ఇక్కడ శాలువా ఉండదు, మర్యాద అసలే ఉండదు.

తెల్లకుర్రాడు మైకు పట్టుకుంటే మొదట నవ్వేవాళ్ళు. నోరు విప్పాక ఆ నవ్వు ఆగిపోయేది.

‘ఇన్ఫినిట్’ కథ

అంత పేరున్నవాడు ఆల్బమ్ చేస్తే ఊరు ఎగబడదా? 1996 నవంబరు 12న ‘ఇన్ఫినిట్’ బయటికొచ్చింది. తీసింది జెఫ్, మార్క్ బాస్ అనే అన్నదమ్ములు, వెబ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న సంస్థ పేరు మీద. బీట్లు చాలామటుకు డెనాన్ పోర్టర్ అనే కుర్రాడివి. మొత్తం 11 ట్రాకులు. క్యాసెట్టు, గ్రామఫోన్ రికార్డు రూపాల్లో వేశారు. పెద్ద కంపెనీ లేదు, పోస్టర్లు లేవు. అండర్‌గ్రౌండ్ ఆల్బమ్ అంటే ఇదే మరి!

అప్పటికి మార్షల్ ఒక రెస్టారెంటులో వంటపని చేస్తున్నాడు. ఇంట్లో ఏడాది కూడా నిండని కూతురు హేలీ. ఆ పాపకి మంచి బతుకు ఇవ్వాలనే తపన ఆ పాటల్లోకీ వచ్చింది. ఈ ఆల్బమ్ ఆడితే ఇల్లు గడుస్తుంది, లేకపోతే మళ్ళీ పొయ్యి ముందుకే.

ఆడలేదు! డిట్రాయిట్ రేడియోలు పట్టించుకోలేదు. అమ్ముడైనవి వెయ్యికి అటూ ఇటూ అని లెక్క. విన్న కొద్దిమందీ పెదవి విరిచారు. ‘ఇతను న్యూయార్క్ నాస్‌లా ఉన్నాడే!’ అన్నారు. 1994లో ‘ఇల్‌మాటిక్’తో నాస్ ఊపేస్తున్న రోజులవి. ఆ దెబ్బ మార్షల్‌కి బాగా తగిలింది. అప్పటికి తన గొంతేమిటో తను ఇంకా వెతుక్కుంటున్నానని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు వింటే సంగతి తెలిసిపోతుంది. పనితనానికి వంక పెట్టలేం. ప్రాస అంటే చివరి ఒక్క అక్షరం కలపడం కాదు అతనికి. మూడు నాలుగు అక్షరాల గుంపుల్ని వరసగా ముడేసుకుంటూ పోతాడు, ఊపిరి తీసుకున్న జాడ కూడా తెలీదు. అయితే ఆ గొంతులో కసి లేదు. బుద్ధిమంతుడైన విద్యార్థి పరీక్ష రాసినట్టుంటుంది. నూటికి నూరు మార్కులు వేయొచ్చు గానీ, రాసిన కుర్రాడు ఎవడో మాత్రం తెలీదు!

పుట్టాడండీ షేడీ!

ఓడినవాడికి పోగొట్టుకోవడానికి ఏముంటుంది? కోపం, పేదరికం, వెటకారం... ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ బయటికి తీశాడు. ‘స్లిమ్ షేడీ’ అనే తిక్క మనిషిని సృష్టించాడు. ఆ పేరు తట్టింది ఎక్కడో తెలుసా? మరుగుదొడ్లో! ఈ మాట కూడా అతను చెప్పుకున్నదే. గొంతు సన్నగా మారింది, మాట పదునెక్కింది. సొంత దరిద్రం మీద తనే జోకులేశాడు.

అలాగని అదృష్టం వెంటనే తలుపు తట్టలేదు. 1997లో సిన్సినాటిలో స్క్రిబుల్ జామ్ పోటీ ఫైనల్లో జ్యూస్ చేతిలో ఓడాడు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ర్యాప్ ఒలింపిక్స్. బయలుదేరే ముందే అద్దె ఇల్లు పోయింది. గెలిస్తే వచ్చే డబ్బు మీద ఆశతో వెళ్ళి అక్కడా రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. కానీ అతని కొత్త పాటలు ఇంటర్‌స్కోప్ కంపెనీ మనుషుల చేతికి చేరింది ఆ ఊళ్ళోనే. కంపెనీ అధిపతి జిమ్మీ అయోవిన్ వాటిని డాక్టర్ డ్రేకి వినిపించాడు. డ్రే వదల్లేదు. 1999 ఫిబ్రవరిలో ‘ది స్లిమ్ షేడీ ఎల్‌పీ’ విడుదలై మొదటి వారంలోనే 2 లక్షల 80 వేలకు పైగా అమ్ముడుపోయింది. వెయ్యి ఎక్కడ, ఇదెక్కడ!

తెర మీద అదే పాఠం

2002లో కర్టిస్ హాన్సన్ దర్శకత్వంలో ‘8 మైల్’ వచ్చింది. కథ మార్షల్ జీవితం కాదు గానీ, ఆ జీవితపు వాసన ప్రతి సీన్లోనూ ఉంది. క్లైమాక్సు గుర్తుందా? ఎదురుగా పాపా డాక్ అనే మొనగాడు. వాడు తన మీద ఏమేం అంటాడో హీరోకి తెలుసు. అందుకని వాటన్నిటినీ ముందే తన నోటితో తనే చెప్పేస్తాడు. అవును, తెల్లవాణ్ణే! అవును, అమ్మతో రేకుల ట్రైలర్లో ఉంటున్నవాణ్ణే! ఇక పాపా డాక్ దగ్గర మాటే మిగల్లేదు. మైకు చేతిలో పట్టుకుని మూగవాడైపోయాడు!

చూశారా, ‘ఇన్ఫినిట్’ పోయి ‘స్లిమ్ షేడీ’ నెగ్గడానికి కారణం కూడా అదే! ఎంత నేర్పున్నా పక్కవాడి గొంతుతో పాడితే నువ్వు రెండోవాడివే. నీ సిగ్గునీ, నీ గాయాన్నీ నీ గొంతుతో నువ్వే చెప్పేశావో, ఇక నిన్ను ఎవడూ ఏమీ అనలేడు.

అలాగని ‘ఇన్ఫినిట్’ వృథా కాలేదు. ఆ ప్రాసల సాధన లేకపోతే ‘లూజ్ యువర్‌సెల్ఫ్’ లేదు. 2016లో, ఇరవై ఏళ్ళు నిండాయని, ఆ ఆల్బమ్ మొదటి పాటని కొత్త బీటుతో మళ్ళీ విడుదల చేశారు. ఒకప్పుడు వెయ్యిమంది కూడా వినని పాటకి ఈసారి లోకమంతా చెవులొగ్గింది.

‘8 మైల్’ మళ్ళీ చూస్తే ఆ చివరి పోటీ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ కుర్రాడి వెనక అమ్ముడుపోని క్యాసెట్ల పెట్టె ఒకటి మీకు తప్పకుండా కనిపిస్తుంది!