వేసవికి తగిన యిల్లు



పొలమున విత్తు వేయుటకు ముందు నేల యెట్టిదో, నీరెంత యందునో విచారింతుము. ఇల్లు కట్టునపుడు మాత్రము ఎండ యెటునుండి పడును, గాలి యెటునుండి వచ్చును అని విచారించువారు నానాటికి తగ్గుచున్నారు. పైరు చెడిన ఒక పంట పోవును. ఇల్లు చెడిన ఒక తరము దాని తాపము ననుభవింపవలెను.

పరుల తప్పు చూచి నేనీ మాట వ్రాయుట లేదు. మా పెద్దలు కట్టిన పెంకుటిల్లు పాతబడినదని విప్పించి, ఆ స్థలముననే దాబా వేయించితిని. పడమట నీడ యిచ్చుచుండిన వేపచెట్టు గోడకు అడ్డమని కొట్టించితిని. మొదటి రోహిణి కార్తెలోనే మా తల్లికి వడదెబ్బ తగిలెను. అదియు పగటి యెండలో గాదు. రాత్రి యింట పండుకొనియుండగా. ఆమె బ్రదికెను గాని, ఆ వేసవి ముగియువఱకు పశువుల పాకలోనే మంచము వేయించుకొనెను. తాటాకు పాక చల్లగా నుండ, వేలకు వేలు పోసి కట్టిన దాబా యేల కాలుచున్నదని నేను విచారింప మొదలిడినది అప్పుడే. 2015వ సంవత్సరపు వేసవిలో మన రాష్ట్రమున వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. కావున ఇది సుఖమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు.

మొదట ఎండ సంగతి. మన గోదావరి సీమ భూమధ్యరేఖకు ఉత్తరమున 17 డిగ్రీల చేరువ నున్నది. అందుచే మే 8వ తేదీ ప్రాంతమునను, మరల ఆగష్టు 4వ తేదీ ప్రాంతమునను మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తిన నుండును. వేసవిలో ఇంటికి తగులు ఎండలో ముఖ్యభాగము పైకప్పుదే. తరువాతిది ఉదయమున తూర్పు గోడ, సాయంకాలమున పడమటి గోడ. దక్షిణపు గోడపై వేసవి యెండ అంతగా పడదు. కావున మనము మొదట కాపాడుకొనవలసినది కప్పు. రెండవది పడమటి గోడ.

సిమెంటు కప్పు పగలంతయు వేడిని పీల్చుకొని, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట క్రిందనున్నవారిపై విడుచును. బయట చల్లబడినను లోపల చల్లబడకపోవుట కిదియే కారణము. తాటాకు కప్పు వేడిని లోనికి రానీయదు. పెంకు కప్పు పగలు కాగినను పలుచనిదగుటచే త్వరగా చల్లాఱును. పెంకుల సందులనుండి వేడిగాలి పైకి పోవును. క్రింద అటక యున్నచో ఆ తాపము గదిలోనికి దిగదు.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పాఱిన పిమ్మట ఈ సీమ రైతులకు కలిమి హెచ్చినది. ఆ కలిమితో లేచిన మండువా లోగిళ్లు నేటికిని కోనసీమ గ్రామములలో కొన్ని నిలిచియున్నవి. వాని నడుమ ఆకాశము కనబడు మండువా గలదు. కాగిన గాలి అందుండి పైకి పోవును. వీధి పంచనుండియు పెరటినుండియు క్రొత్తగాలి లోనికి వచ్చును. ముందరి అరుగు, దిగువకు వ్రాలిన చూరు గోడలకు నీడ పట్టును. ఇది యలంకారము గాదు, అనుభవము.

అయితే ఒకచోటి పద్ధతి మఱియొకచోట పనికిరాదు. చింతలపూడి, జంగారెడ్డిగూడెము వంటి మెట్ట ప్రాంతములలో గాలి పొడిగా నుండును. అచ్చట మందపు గోడలు, పగలు మూసి రాత్రి తెఱచు కిటికీలు, తడిపిన వట్టివేళ్ల తడికలు మేలు చేయును. డెల్టాలో గాలియందు తేమ యెక్కువ, చెమట ఆఱదు, తడిక తడిపినను ఫలము స్వల్పము. ఇచ్చట వలసినది గాలి పాఱుట. పైరగాలి వచ్చు వైపున ఒక కిటికీ, దాని కెదురుగా మఱియొకటి యుండవలెను. ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టిన గాలి పాఱదు.

మరల తాటాకు ఇండ్లకే పొండని నేను చెప్పను. వానికి అగ్నిభయము గలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుపానును చూచినవారు పక్కా కప్పు కోరుట న్యాయమే. దాబా యుండనిండు; దానికి నీడ కల్పింపుడు. అందుకు ఈ పనులు చాలును.

మొదటిది, ఏటేట శివరాత్రి నాటికి దాబాపై తెల్లసున్నము రెండు పూతలు వేయుడు. సున్నము బాగుగా నానవేసి, వడగట్టి, కొంచెము బంక కలుపవలెను. కంట బడకుండ జాగ్రత్త. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. వానలకు కరగిపోవును గాన ఏటేట వేయక తప్పదు.

రెండవది, వేసవిలో దాబాపై తాటాకు పందిరి వేసి, తుపానుల కాలమునకు ముందే విప్పుడు. పొయ్యి పొగగొట్టము దానికి దూరముగా నుండవలెను.

మూడవది, పడమటి వైపున పంచ దింపుడు. వేప గాని కానుగ గాని నాటుడు.

నాల్గవది, క్రొత్తగా కట్టువారు కప్పు క్రిందనే గోడలకు గవాక్షములు విడువుడు.

ఐదవది, ఇటుకలను నిలువున పేర్చి నడుమ ఖాళీ విడిచి కట్టు గోడ. ఆంగ్లదేశమున జన్మించి కేరళమున స్థిరపడిన లారీ బేకరు (1917–2007) దీనిని వ్యాప్తి చేసెను. ఇటుక సుమారు నాల్గవవంతు మిగులును. నడిమి గాలి వేడిని ఆపును. పని తెలిసిన తాపీమేస్త్రీ వలయును.

సున్నపు పూతను చులకన చేయవలదు. అహమ్మదాబాదు నగరము 2013లో వడగాడ్పుల నెదుర్కొను ప్రణాళిక నేర్పఱచుకొని, పిమ్మట పేదల కప్పులకు తెల్లరంగు వేయించెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించెను.

నేను మరుసటి యేడు సున్నము పూయించి, పందిరి వేయించి, పడమట పంచ దింపించితిని. మా తల్లి మంచము మరల ఇంటిలోనికి వచ్చినది. కొట్టించిన వేపచెట్టు మాత్రము రాలేదు. దాని స్థానమున నాటిన మొక్క నేడు నా భుజమంత యున్నది. నీడ నిచ్చుటకు ఇంకను ఏండ్లు పట్టును. కావున సంఘ సభ్యులలో ఇల్లు కట్ట దలచువారు అప్పునకు దరఖాస్తు వ్రాయుటకు ముందు, ఒక మే నెల మధ్యాహ్నము ఆ స్థలమున నిలిచి ఎండను, గాలిని చూచుకొనుడు. ఉన్న చెట్టును కొట్టకుడు.