పెద్ద తూటా కాదు, తగిలే తూటా

టెక్సాస్‌లో మాకో చిన్న కొట్టుంది. రాత్రి గల్లా డబ్బుతో ఒంటరిగా ఇంటికెళ్లాలంటే నాకు గుండె దడ. గ్రీన్‌కార్డు వచ్చాక పిస్తోలు కొందామనుకున్నాం.

"పెద్దదే తీసుకో, .45 అయితే ఒక్కటి చాలు" అన్నారు మావారు. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. .45 అంటే దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. పేల్చి చూశాను. చెయ్యి ఎగిరిపడింది, రెండో తూటా ఎటుపోయిందో! 9 మి.మీ.తో అయిదింట్లో నాలుగు గురికి తగిలాయి.

"గురి తప్పితే ఎంత పెద్దదైనా దండగే. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం కూడా 9 మి.మీ.కే ఓటేసింది" అంది నేర్పే ఆవిడ. మరీ చిన్న, తేలిక పిస్తోలైతే ఇంకా ఎక్కువ తంతుందట. అందుకే కాస్త బరువున్నదే కొన్నాం.

ఇంట్లో ఆరేళ్ల బాబున్నాడు. గుమ్మం దాటగానే అది తాళం పెట్టెలోకి... ఆ తర్వాతే నాకు మంచినీళ్లయినా!