చెఱసాలలో బాకానాదము

న్యాయదేవతను చిత్రించువారు ఆమె చేత త్రాసు నుంచుదురు. సంగీతమున త్రాసు కనబడదు గదా! మఱి స్వరకర్త న్యాయమును ఎట్లు చూపగలడు? ఇందుకు బీథోవెన్ రచించిన 'ఫిడేలియో' మంచి యుదాహరణము.

ఇది ఒపేరా యనబడు సంగీతనాటకము. మన యక్షగానమందువలె ఇందును పాటల నడుమ మాటలు కలవు. 1805 నవంబరు 20వ తేదీన వియన్నాలో తొలిసారి ప్రదర్శింపబడెను. అంతకు వారము ముందే నెపోలియన్ సేనలు ఆ నగరమును ప్రవేశించియుండెను. ప్రేక్షకులలో పలువురు ఫ్రెంచి సైనికాధికారులు. నాటకము రాణింపలేదు. బీథోవెన్ రెండుమాఱులు దిద్ది 1814లో నేటి రూపమునకు తెచ్చెను.

కథ స్పెయిను దేశమున, సెవిల్ నగర సమీపమందలి కారాగారములో జరుగును. దాని అధిపతి పిజారో. తన అక్రమములను బయటపెట్టబూనిన ఫ్లోరెస్టాన్‌ను అతడు విచారణ లేకయే నేలమాళిగలో రహస్యముగా బంధించియుండెను. బందీ భార్య లియొనోరా పురుషవేషమున, ఫిడేలియో యను పేరుతో, చెఱసాల కాపరివద్ద కొలువు చేరును. ఆమె వేడికోలుపై తక్కిన ఖైదీలను కొంతసేపు తోటలోనికి విడుతురు. వెలుగు చూచిన సంతోషమునైనను వారు గొంతెత్తి పాడజాలరు. కావలివాండ్రు వినుచున్నారని భయము. చట్టము లేనిచోట మనుష్యుల కంఠము ఎట్లుండునో ఆ బృందగానమే చెప్పును.

మంత్రి తనిఖీకి వచ్చుచున్నాడని తెలిసి, పిజారో బందీని చంప నిశ్చయించును. మంత్రి బండి కనబడినంతనే బాకా ఊదుటకు బురుజుపై ఒకనిని నిలుపును. విద్యార్థులారా, ఈ బాకాను మఱవకుడు. పిజారో కత్తి దూయగా లియొనోరా అడ్డుపడి, తాను అతని భార్యనని చాటి, పిస్తోలు గుఱిపెట్టును. సరిగా అప్పుడే దూరమునుండి బాకా మ్రోగును. వాద్యబృందపు హోరు అణగిపోవును. మఱల మ్రోగును, ఈమాఱు బిగ్గరగా. దోషి తన రక్షణకై పెట్టుకొన్న బాకాయే న్యాయము రాకను చాటినది!

మంత్రి ఆ నిమిషముననే వచ్చుట కథకుని సౌకర్యమని కొంద ఱాక్షేపింపవచ్చును. నిజమే. బాకా మ్రోగువఱకు ఫ్లోరెస్టాన్‌ను కాచినది చట్టము కాదు, ఆ యిల్లాలి సాహసము. బీథోవెన్ దీనిని మఱుగుపఱచలేదు. తుదిరంగమున మంత్రి సంకెళ్లు విప్పు పనిని లియొనోరాకే యప్పగించును. అచట భేరీలు మ్రోగవు. మన సన్నాయివలె పీకతో ఊదు ఓబో మెల్లగా ఒక రాగమెత్తుకొనును. ఆ రాగమును బీథోవెన్ 1790లో, తన 19వ యేట, సంస్కర్తయైన జోసెఫ్ చక్రవర్తి మృతికై కూర్చిన గీతమునుండి తెచ్చుకొనెను.