సీటు ఒకటే.. టికెట్లు రెండు!

సంక్రాంతికి ఊరెళ్లాలి. బస్ టికెట్ల యాప్ తెరిస్తే ఒక్క సీటే ఖాళీ. గబగబా డబ్బులు కట్టేస్తారు. తీరా బస్సెక్కితే ఆ సీట్లో అప్పటికే ఇంకొకరు! ఇద్దరి ఫోన్లలోనూ అదే నంబరు. ఈ తప్పు ఒకసారి నా కోడ్ వల్లే జరిగింది.

అసలేమైందంటే.. ఓ రూటులో 40 బస్సులుంటే, జాబితా కోసం డేటాబేస్‌కి ఒక క్వెరీ, సీట్ల కోసం బస్సుకొకటి చొప్పున మరో 40 వెళ్లేవి. మొత్తం 41! పండగ రద్దీకి పేజీ నత్తనడక. ‘ప్రతిసారీ అడగడమెందుకు? అన్నీ ఒకేసారి తెచ్చి మెమరీలో పెట్టేస్తే పోలా’ అనుకున్నా. అదే క్యాష్. పర్సులోది కాదండోయ్! టీ పెట్టిన ప్రతిసారీ కొట్టుకి పరిగెత్తకుండా డబ్బాలో చక్కెర ఉంచుకోవడం లాంటిది. పేజీ చిటికెలో తెరుచుకుంది. టీమంతా భేష్ అన్నారు.

కానీ మా యాప్ నడిచేది మూడు సర్వర్ల మీద. దేని కాపీ దానిదే. ఒకదాంట్లో సీటు అమ్ముడైనా మిగతా రెండింటికీ ఆ కబురే అందదు. పైగా బుకింగ్ కూడా ఆ కాపీని నమ్మే చేసేశా. ‘పాపని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా డ్రైవర్ పక్కన కూర్చున్నా’ అని ఒకావిడ ఫోన్ చేసినప్పుడు నా దగ్గర మాటల్లేవు.

తర్వాత ఏం మార్చామంటే..

* 41 క్వెరీలను జాయిన్‌తో ఒక్కటి చేసి, ఇండెక్స్ వేశాం. సగం సమస్యకి అసలు క్యాషే అక్కర్లేదని అప్పుడు తెలిసింది.
* ఊర్ల పేర్లు, ఎక్కే పాయింట్ల లాంటి అరుదుగా మారేవి క్యాష్‌లోనే ఉంచాం. సర్వర్లన్నీ పంచుకునేలా రెడిస్ వాడాం. 2009 నుంచీ ఉన్న టూలే.
* ఖాళీ సీట్ల సంఖ్యకి 30 సెకన్ల క్యాష్. అదీ చూపించడానికి మాత్రమే.
* బుకింగ్ మాత్రం నేరుగా డేటాబేస్‌లోనే. ఒకే ట్రిప్పులో ఒకే సీటు రెండుసార్లు నమోదు కాకుండా యూనిక్ నిబంధన పెట్టాం. ఇద్దరూ ఒకేసారి నొక్కినా దక్కేది ఒకరికే. రెండోవారికి డబ్బు కట్టకముందే ‘సీటు అయిపోయింది’ అని కనిపిస్తుంది.

ఇప్పుడు కోడ్ రాసేముందు నన్ను నేను ఒక్కటే అడుగుతా. ‘ఈ సమాచారం ఐదు నిమిషాలు పాతదైతే ఎవరికి నష్టం?’ ఎవరికీ లేదంటే క్యాష్. ఒక్కరికైనా ఉందంటే క్వెరీనే. ఒక సెకను ఆలస్యమైనా పర్లేదు, సీటు మాత్రం ఉండాలి కదా!